చిక్కని ద్రవాలకు గేర్ పంపు: కొనేముందు, నడిపేముందు తెలుసుకోవలసిన సంగతులు

దీపావళి వెళ్ళిన వారానికి ఒక సాయంత్రం షోలాపూర్‌లోని మన సంఘం ఆఫీసుకు తండ్రీకొడుకులు ఇద్దరు వచ్చారు. వచ్చిన పని కుల ధ్రువీకరణ పత్రం గురించి. పవర్‌లూమ్‌లు తీసేసి, బ్యాంకు అప్పుతో పశువుల దాణా యూనిట్ పెట్టుకున్న కుటుంబం అది. కాగితాలు చూస్తుండగా పిల్లవాడు అన్నాడు: "కాకా, మొలాసిస్ పంపు నాలుగు నెలల్లో రెండుసార్లు పోయింది. గేర్లు అరిగిపోతున్నాయి. అమ్మినవాడు మా వాడకం తప్పంటున్నాడు." సక్షన్ పైపు ఎంత లావు అని అడిగాను. రెండంగుళాలన్నాడు. మోటారుకూ పంపుకూ మధ్య గేర్‌బాక్స్ ఉందా అంటే, లేదు, డైరెక్ట్ కప్లింగ్ అన్నాడు. అప్పటికే నాకు సగం సంగతి అర్థమైంది.

నేను ఇంజనీరును కాను. ఒక చక్కెర ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఏ పంపుకు ఏ విడిభాగం ఎన్నిసార్లు ఇష్యూ అయిందో లెడ్జర్‌లో రాసీ రాసీ, ఆ రాతల్లోంచే యంత్రం కష్టం ఏమిటో తెలిసింది. తెలియనివి ఫిట్టర్లను అడిగి తెలుసుకున్నాను. మన కుటుంబాల్లో మగ్గాలు వదిలి చిన్న యూనిట్లు పెడుతున్నవారు ఏటా కనిపిస్తున్నారు. దాణా, వంటనూనె, ఆముదం, గ్రీజు, ద్రవ సబ్బు, బంక, ఇలా చిక్కని పదార్థాలతో పని చేసే ప్రతిచోటా ఈ పంపు ఎదురవుతుంది. అందుకని తెలిసినంత ఒకచోట పెడుతున్నాను.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది

మన పొలాల్లో, మేడల మీద ట్యాంకులకు వాడేది సెంట్రిఫ్యూగల్ పంపు. లోపల రెక్కల చక్రం వేగంగా తిరిగి నీటిని అంచుకు విసురుతుంది. ఆ విసురే ఒత్తిడి అవుతుంది. నీళ్ళకు అది బాగుంటుంది. ఆముదం లాంటిది పోస్తే రెక్కలు దాన్ని విసరలేక అందులోనే తడబడతాయి. కరెంటు ఖర్చవుతుంది, ద్రవం వేడెక్కుతుంది, అవతలికి వెళ్ళేది మాత్రం తక్కువ. చిక్కదనం కొన్ని వందల సెంటీపాయిజ్ దాటిందంటే ఆ పంపు మీద ఆశ వదులుకోవలసిందే.

గేర్ పంపు పద్ధతి వేరు. గట్టి పెట్టెలాంటి కేసింగ్‌లో రెండు పళ్ళ చక్రాలు ఒకదానిలో ఒకటి పళ్ళు దూర్చుకుని ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకదాన్ని మోటారు తిప్పుతుంది, రెండోది దాని వెంట తిరుగుతుంది. పళ్ళు విడిపోయే వైపు ఖాళీ ఏర్పడి ద్రవం లోపలికి వస్తుంది. చాలామంది అనుకునేది, ద్రవం రెండు చక్రాల నడుమ నుంచి అవతలికి పోతుందని. అలా జరగదు. అది పళ్ళ సందుల్లో చిక్కుకుని, కేసింగ్ గోడను ఒరుసుకుంటూ, రెండు పక్కల నుంచీ చుట్టు తిరిగి వెళుతుంది. నడుమ పళ్ళు కలిసే చోటు తలుపు మూసినట్టు పనిచేసి, అవతలికి చేరినదాన్ని వెనక్కి రానివ్వదు. అందుకే ఒక చుట్టుకు ఇంత అని లెక్కగా, దాదాపు ఎడతెగని ధారగా వస్తుంది.

దీన్ని ఎక్స్‌టర్నల్ గేర్ పంపు అంటారు. ఇంకొకటి ఇంటర్నల్ గేర్ పంపు. అందులో పెద్ద చక్రం పళ్ళు లోపలి వైపుకు ఉంటాయి, దాని కడుపులో చిన్న చక్రం ఒక పక్కకు జరిగి తిరుగుతుంది. మిగిలిన సందులో నెలవంక ఆకారంలో ఒక లోహపు ముక్క ఉంటుంది. దీన్ని రూపొందించింది జెన్స్ నీల్సన్ అనే డేనిష్ వలసదారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో తన రాతి క్వారీలో ఊరే నీటిని తోడుకోవడానికి చేసుకున్నాడట. 1911లో వైకింగ్ పేరుతో కంపెనీ మొదలైంది. ఇప్పటికీ పాత ఫిట్టర్లు ఏ కంపెనీ ఇంటర్నల్ గేర్ పంపునైనా వైకింగ్ పంపు అనే అంటుంటారు. బయటి పళ్ళ చక్రాల పంపు ఆలోచన ఇంకా పాతది. గ్రహాల దారుల లెక్క తేల్చిన కెప్లర్ 17వ శతాబ్దం మొదట్లోనే గనుల్లో నీరు తోడడానికి ఇలాంటిదొకటి గీశాడు.

బాగా చిక్కనివాటికి, వేడిగా ఉండేవాటికి ఇంటర్నల్ రకం నెమ్మదిగా, సుఖంగా నడుస్తుంది. ఎక్స్‌టర్నల్ రకం చవక, ఒత్తిడి బాగా తట్టుకుంటుంది. మీ బంధువుల ఇంట్లో ట్రాక్టర్ ఉంటే దాని హైడ్రాలిక్‌కు ప్రాణం ఈ రెండో రకమే. కారు ఇంజన్‌లో ఆయిల్ తిప్పేది కూడా ఈ జాతిదే.

మన నేతకారులకు ఒక విశేషం. మగ్గం మీద వేసే పాలిస్టర్ ఫిలమెంట్ నూలు గేర్ పంపు దాటకుండా రాదు. సుమారు 280 నుంచి 290 డిగ్రీల వేడిలో కరిగి ఉన్న పాలిస్టర్‌ను చేతిలో పట్టేంత చిన్న గేర్ పంపు, చుట్టుకు కొద్ది సీసీల చొప్పున, సన్నని రంధ్రాల గుండా తోస్తుంది. దాని లెక్క తప్పితే డెనియర్ తప్పుతుంది. నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం వస్తే మనం మిల్లును తిట్టేవాళ్ళం గానీ అందులో పంపు పాత్ర ఉంటుందని ఎవరికి తెలుసు.

చిక్కదనం అంటే

పద్మశాలి ఇళ్ళలో పుట్టినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. గంజి పొయ్యి మీద ఉన్నంతసేపు జారుతుంది, చల్లారితే గడ్డకడుతుంది. అదే గంజి, అదే గిన్నె, వేడి మాత్రం మారింది. చిక్కదనాన్ని కొలిచే కొలత సెంటీపాయిజ్. రక్తం సన్నని గొట్టాల్లో ఎలా పారుతుందో పరిశోధించిన ఫ్రెంచి వైద్యుడు పాయిజెల్ పేరు మీద వచ్చింది. 20 డిగ్రీల దగ్గర నీళ్ళు 1 సెంటీపాయిజ్, ఆముదం సుమారు 1,000, గ్లిజరిన్ సుమారు 1,400. అదే ఆముదాన్ని 40 డిగ్రీలకు తెస్తే 230 ప్రాంతానికి దిగుతుంది. ఇరవై డిగ్రీల తేడాకే నాలుగో వంతు. కాబట్టి ఉష్ణోగ్రత చెప్పకుండా చిక్కదనం ఇంత అని ఎవరైనా అంటే ఆ అంకెకు అర్థం లేదు.

చక్కెర తీయగా మిగిలే మొలాసిస్‌ను మరాఠీలో మళీ అంటారు, కన్నడంలో కాకంబి. దీని చిక్కదనం ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీకి, సీజనుకు సీజనుకు మారుతుంది. కొన్ని వేల సెంటీపాయిజ్ మామూలే, చలికాలం తెల్లవారుజామున దానికి కొన్ని రెట్లు. బరువు నీటికి సుమారు 1.4 రెట్లు.

ఆయిల్ డబ్బాల మీద 220, 320 అని ఉండే అంకె సెంటీస్టోక్స్, అదీ 40 డిగ్రీల దగ్గర. సెంటీపాయిజ్ కావాలంటే దాన్ని ద్రవం సాంద్రతతో హెచ్చవేయాలి. నూనెలకు పెద్ద తేడా రాదు, మొలాసిస్ లాంటి బరువైనవాటికి వస్తుంది.

రెండంగుళాల పైపు కథ

ఇప్పుడు ఆ తండ్రీకొడుకుల పంపు దగ్గరికి వద్దాం. ఇదే ఈ వ్యాసంలో ముఖ్యమైన చోటు. లెక్క కొంచెం ఉంటుంది, దయచేసి దాటేయవద్దు.

పంపు ద్రవాన్ని లాగుతుందని మనం అంటాం. నిజానికి పంపు ఖాళీ మాత్రమే చేస్తుంది, ఆ ఖాళీలోకి ద్రవాన్ని తోసేది బయటి గాలి. గాలి ఒత్తిడి సుమారు 1 బార్, అంతకు మించి ఒక్క వీసం కూడా దొరకదు. నీళ్ళయితే ఆ ఒత్తిడి పది మీటర్ల ఎత్తుకు సమానం. మొలాసిస్ బరువైనది కనుక ఏడు మీటర్లకే సరి. పైపులో రాపిడికి అయ్యే ఖర్చు కూడా ఇందులోంచే పోవాలి.

చిక్కని ద్రవం పైపులో సుడులు లేకుండా పొరలు పొరలుగా జారుతుంది. అలా జారేటప్పుడు రాపిడి నష్టం పైపు వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. మామూలు మాటల్లో, పైపు లావు రెట్టింపు చేస్తే నష్టం పదహారో వంతుకు పడిపోతుంది. వారి యూనిట్‌కు ఇలా లెక్క వేశాను. గంటకు 5,000 లీటర్లు, సక్షన్ పైపు పొడవు 6 మీటర్లు, చిక్కదనం 5,000 సెంటీపాయిజ్ అనుకున్నాను. రెండంగుళాల పైపులో, అంటే 50 మి.మీ. లో, రాపిడికే 2.7 బార్ కావాలి. మూడంగుళాల పైపులో, 75 మి.మీ. తీసుకుంటే, 0.54 బార్. నాలుగంగుళాల పైపులో 0.17 బార్.

ఉన్నది 1 బార్. అడుగుతున్నది 2.7 బార్. ఇది ప్రపంచంలో ఏ కంపెనీ పంపుతోనూ జరగని పని. పంపుకు అందాల్సినంత మొలాసిస్ అందదు. లోపల అక్కడక్కడ ఖాళీలు ఏర్పడి పగులుతాయి, కంకర నమిలిన చప్పుడు వస్తుంది. గేర్లకు, బుష్‌లకు నడుమ ఉండాల్సిన ద్రవపు పొర చాలక లోహం లోహాన్ని తింటుంది. పంపు మంచిదా చెడ్డదా అన్న తగాదా ఇక్కడ పనికిరాదు. అమ్మినవాడు వాడకం తప్పనడంలో కొంత నిజం ఉంది. కానీ పైపు ఎంత ఉండాలో అడగకుండా, చెప్పకుండా పంపు అమ్మడం కూడా తప్పే. పంపు నోరు రెండంగుళాలు ఉంది కనుక పైపూ రెండంగుళాలే వేసుకున్నామని పిల్లవాడు చెప్పాడు. చాలామంది చేసేది ఇదే. పంపు నోరు ఎంత ఉన్నా, చిక్కని ద్రవానికి సక్షన్ పైపు దానికంటే ఒకటి రెండు సైజులు పెద్దదిగా, పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి. వీలైతే ట్యాంకు పైన, పంపు కింద ఉండాలి. మొలాసిస్ తన బరువుతో తానే దిగి వస్తే గాలి మీద అంత ఆధారపడనక్కరలేదు.

రెండో పొరపాటు వేగం. నాలుగు పోల్ మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో పళ్ళ సందుల్లోకి మొలాసిస్ నిండడానికి వ్యవధే ఉండదు. మొలాసిస్ పంపు నెమ్మదిగా, వంద, నూటయాభై చుట్ల ప్రాంతంలో తిరగాలి. ఇక్కడే ధరల మర్మం ఉంది. గంటకు 5,000 లీటర్లంటే నిమిషానికి 83 లీటర్లు. 1,440 వేగంతో తిప్పితే చుట్టుకు 58 సీసీ ఇచ్చే చిన్న పంపు చాలు. 120 వేగంతో తిప్పాలంటే చుట్టుకు దాదాపు 700 సీసీ ఇచ్చే పెద్ద పంపు, పైగా పన్నెండుకు ఒకటి చొప్పున వేగం తగ్గించే గేర్‌బాక్స్ కావాలి. రెండు కొటేషన్ల మీదా "గంటకు 5,000 లీటర్లు" అనే ఉంటుంది. మొదటిది చాలా చవక. స్టోర్స్‌లో పనిచేసిన రోజుల్లో నేను కూడా మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి తక్కువ ధర కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసినవాడినే. వేగం అనే గడి తులనాత్మక పట్టికలో ఉండేదే కాదు.

ఒక మాట కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది. ద్రవం చిక్కబడితే గేర్ పంపు ఇంకా లెక్కగా పనిచేస్తుంది. పల్చని ద్రవం పళ్ళ అంచుల సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది, చిక్కనిది జారదు. అందుకే కొత్త పంపును నీళ్ళతో పరీక్షించి తక్కువ వస్తోందని గోల పెట్టకూడదు. పైగా నీటికి నూనెలాగా జిడ్డు గుణం లేదు, కాసేపు తిప్పినా గేర్లు గీరుకుంటాయి.

వేడి చేయడం, దాని హద్దు

చలికాలంలో మొలాసిస్ కదలకపోతే అందరికీ తోచేది వేడి చేయడం. కొంత వేడి మంచిదే. ఎక్కువైతే ప్రమాదం. నిల్వ ట్యాంకులో మొలాసిస్ 40, 45 డిగ్రీలు దాటి చాలాకాలం ఉంటే తనలో తానే రసాయన చర్య మొదలుపెట్టి ఇంకా వేడెక్కి, నురగ పొంగి, చివరికి బొగ్గులా మాడిపోయే అవకాశం ఉంది. నేరుగా ఆవిరి గొట్టం ట్యాంకులో పెట్టడం మరీ చెడ్డ అలవాటు. ఆవిరి నీరై పలచన చేస్తుంది, పలచబడిన చోట పులుపు పడుతుంది. ట్యాంకు మొత్తం కాకుండా, పంపుకు వెళ్ళే దారిలో ఉన్నంత మాత్రం వేడినీటి జాకెట్‌తో వెచ్చబరచడం మేలు.

మొలాసిస్ మెల్లని పదార్థం, దానికి భయమెందుకు అనుకునేవారికి బోస్టన్ సంగతి చెప్పాలి. 1919 జనవరి 15న అమెరికాలోని ఆ నగరంలో యాభై అడుగుల ఎత్తున్న మొలాసిస్ ట్యాంకు పగిలి, వీధుల్లో కెరటంలా పారి 21 మందిని బలిగొంది. బలహీనంగా కట్టిన ట్యాంకు అది.

వంటనూనెల్లో ముడి పామాయిల్ ఇలాంటిదే. మన ఉష్ణోగ్రతల్లో సగం గడ్డకట్టి ఉంటుంది. కాకినాడ రేవులో దింపేటప్పుడు, అక్కడి రిఫైనరీల్లో కదిలించేటప్పుడు 50 డిగ్రీల ప్రాంతంలో వెచ్చగా ఉంచుతారు. యానాం మిత్రులకు ఇది చూసిన సంగతే అయి ఉంటుంది.

వేడి చేస్తే ఎంత తేడా వస్తుందో తారు చూపినంతగా మరేదీ చూపదు. మన రోడ్లకు వాడే వీజీ-30 రకం తారు 60 డిగ్రీల దగ్గర కనీసం 2,400 పాయిజ్ ఉండాలని భారతీయ ప్రమాణం. అంటే 2,40,000 సెంటీపాయిజ్. అదే 135 డిగ్రీల దగ్గర కనీసం 350 సెంటీస్టోక్స్ ఉంటే చాలంటారు. హాట్ మిక్స్ ప్లాంటులో తారు పంపు చుట్టూ వేడినూనె తిరిగే జాకెట్ ఉంటుంది. రాత్రి ఆగిన పంపులో తారు గడ్డకట్టి ఉంటుంది. పొద్దున్నే మోటారు నొక్కితే షాఫ్ట్ విరుగుతుంది, లేదా కప్లింగ్ తెగుతుంది. జాకెట్ పూర్తిగా వేడెక్కేదాకా ఆగి, కరెంటు తీసేసి, షాఫ్ట్ చేత్తో తిరుగుతోందని చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. తొందరలో కట్టెలు పేర్చి పంపు కింద మంట పెట్టేవాళ్ళున్నారు. ఇలాంటి క్యాంపుల్లో పాలమూరు నుంచి వచ్చిన మనవాళ్ళు ఎందరో. మీకు తెలిసినవారుంటే ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

రిలీఫ్ వాల్వ్

సెంట్రిఫ్యూగల్ పంపుకు అవతలి వాల్వ్ మూసేస్తే నీళ్ళు లోపలే తిరుగుతాయి, కాసేపటికి వేడెక్కుతుంది, అంతే. గేర్ పంపుకు ఆ వెసులుబాటు లేదు. ప్రతి చుట్టుకూ ఇంత తోసి తీరుతుంది. దారి మూసి ఉంటే ఒత్తిడి పెరుగుతూ పోయి, అన్నింటికంటే బలహీనంగా ఉన్నది ముందు పగులుతుంది. అది ప్యాకింగ్ కావచ్చు, పైపు కావచ్చు, కేసింగే కావచ్చు. అందుకోసం పంపుకే ఒక రిలీఫ్ వాల్వ్ ఉంటుంది. లోపల స్ప్రింగ్. పని ఒత్తిడి కంటే కొంచెం ఎక్కువకు దాన్ని బిగించి ఉంచుతారు. ఒత్తిడి మించితే అది తెరుచుకుని ద్రవాన్ని వెనక్కి వదులుతుంది.

మా ఫ్యాక్టరీలో ప్యాన్ హౌస్‌కు వెళ్ళే మొలాసిస్‌ను 70 డిగ్రీల ప్రాంతంలో వేడి చేసి పంపేవారు, అందులోని సన్న చక్కెర పలుకులు కరగడానికి. ఆ లైన్‌లో ఒక పంపు రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ నీరసించింది. ఊరికే తెరుచుకుంటోందని ఫిట్టర్ కొత్త స్ప్రింగ్‌కు ఇండెంట్ పెట్టాడు. చిన్న వస్తువు. ఒక్క స్ప్రింగ్ కోసం ఆర్డర్ వేయలేమని, మిగతా విడిభాగాలతో కలిపి పంపుదామని ఫైల్లో నోట్ రాశాను. రూలు ప్రకారం అది సరైన నోటే. ఈలోగా పని ఆగకూడదని ఎవరో ఆ వాల్వ్ స్క్రూను చివరిదాకా బిగించేశారు. ఒక రాత్రి షిఫ్టులో అవతలి వాల్వ్ మూసి ఉండగా పంపు స్టార్ట్ అయింది. ఫ్లాంజ్ గాస్కెట్ పగిలి వేడి మొలాసిస్ ఫిట్టర్ చేతి మీద పడింది. వేడినీళ్ళయితే జారిపోతాయి, మొలాసిస్ అంటుకుని వదలదు. ఆయన మనవాడే, షోలాపూర్‌లోనే ఉంటాడు. కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. నా ముందు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఇండెంట్ నా టేబుల్ మీద ఎన్నాళ్ళుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

కాబట్టి ఈ వాల్వ్ గురించి నొక్కి చెబుతున్నాను. పంపుతో పాటు రిలీఫ్ వాల్వ్ లేకపోతే కొనవద్దు. అదనపు ఖర్చంటే పెట్టండి. ఎంత ఒత్తిడికి సెట్ చేశారో కాగితం మీద రాయించుకోండి. స్క్రూ ముట్టుకోకుండా మూత వేసి సీలు వేయించండి. ఒక స్ప్రింగ్ అదనంగా కొని ఉంచుకోండి. వాల్వ్ వదిలే ద్రవం పంపు లోపలికే తిరిగి వస్తే కాసేపట్లో పంపు కాలిపోయేంత వేడెక్కుతుంది, అందుకని ఎక్కువసేపు తెరుచుకునే అవకాశం ఉన్నచోట ట్యాంకుకు వేరే పైపు వేయించడం మంచిది.

ఇంకొక సంగతి. గేర్ పంపు రెండు వైపులా తిరగగలదు, తిప్పితే ద్రవం ఎదురు దిక్కున పోతుంది. కానీ చాలా పంపుల్లో రిలీఫ్ వాల్వ్ ఒక వైపుకే కాపలా కాస్తుంది. కరెంటు పనివాడు వచ్చి త్రీ ఫేజ్ వైర్లలో రెండు అటూ ఇటూ కలిపాడంటే పంపు ఎదురు తిరుగుతుంది, వాల్వ్ ఉన్నా లేనట్టే. కేబుల్ విప్పి కలిపిన ప్రతిసారీ తిరిగే దిక్కు చూసుకోవాలి. కప్లింగ్‌కు గార్డు ఉండాలి. పంచె, చున్నీ, కండువా దగ్గరికి రాకూడదు.

లోహాలు, సీళ్ళు, జాలి

మొలాసిస్‌కు, నూనెలకు పోత ఇనుము కేసింగ్, గట్టిపరచిన ఉక్కు గేర్లు, కంచు బుష్‌లు సరిపోతాయి. తినే పదార్థాలు, పుల్లనివి, ఉప్పు కలిసే ద్రవ సబ్బులు అయితే స్టెయిన్‌లెస్ స్టీల్ కావాలి. పోత ఇనుప పంపులో ద్రవ సబ్బు నడిపితే తుప్పు రంగు దిగుతుంది.

షాఫ్ట్ బయటికి వచ్చే చోట కారకుండా గ్లాండ్ ప్యాకింగ్ గానీ మెకానికల్ సీల్ గానీ పెడతారు. మెకానికల్ సీల్ చూడటానికి శుభ్రం, కారదు. కానీ మొలాసిస్‌లోని చక్కెర పలుకులు దాని నున్నని ముఖాల మధ్య చేరి గీతలు పెడతాయి. చిన్న యూనిట్‌కు గ్లాండ్ ప్యాకింగే సుఖం. చుక్క చుక్క కారుతుంది, కారనివ్వాలి. పూర్తిగా ఆపాలని బిగిస్తే షాఫ్ట్ కాలి గాడి పడుతుంది.

సక్షన్ వైపు జాలి తప్పనిసరి. గేర్ పంపు గట్టి పలుకులను ఓర్చుకోలేదు. నట్టు ముక్క ఒకటి పోతే పన్ను విరుగుతుంది. అలాగని నూనెకు పెట్టే సన్న జాలి మొలాసిస్‌కు పెడితే అదే గొంతు నొక్కుతుంది. పెద్ద రంధ్రాలు, వెడల్పాటి బుట్ట. ట్యాంకర్ల నుంచి ఇనుప పొరలు రాలి వస్తుంటాయి, అయస్కాంతం పెడితే ఇంకా మంచిది. పంపు ఒట్టిగా నడవకూడదు. ట్యాంకర్ ఖాళీ కాగానే స్విచ్ ఆపే మనిషి అక్కడే ఉండాలి, టీకి వెళ్ళకూడదు.

ఇసుక, పిప్పి, పీచు కలిసిన ద్రవాలకు గేర్ పంపు పనికిరాదు. వాటికి స్క్రూలా మెలితిరిగిన ఉక్కు కడ్డీ రబ్బరు గొట్టంలో తిరిగే పంపు ఉంది, మనవాళ్ళు మోనో పంపు అంటారు. పండ్ల ముక్కలు నలగకుండా పోవాలంటే లోబ్ పంపు. వాటి సంగతి మరెప్పుడైనా.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు

"మొలాసిస్ పంపు ఒకటి, గంటకు 5,000 లీటర్లు" అని ఫోన్లో చెప్పి కొనకండి. కాగితం మీద రాసి ఇవ్వండి. ద్రవం పేరు, ఏడాదిలో అతి చల్లగా ఉండే రోజున దాని ఉష్ణోగ్రత, ఆ ఉష్ణోగ్రత దగ్గర చిక్కదనం, సాంద్రత. ట్యాంకు పంపుకు పైన ఉందా కింద ఉందా, ఎంత దూరం, ఎన్ని వంపులు. అవతలికి ఎంత పొడవు, ఎంత ఎత్తు. రోజుకు ఎన్ని గంటల నడక. ఇవి ఇచ్చి, వారి దగ్గర నుంచి పంపు వేగం, చుట్టుకు ఎన్ని సీసీ, సక్షన్ పైపు సైజు, మోటారు హెచ్‌పీ, రిలీఫ్ వాల్వ్ సెట్టింగ్ రాతపూర్వకంగా తీసుకోండి. రాసి ఇవ్వనివారి దగ్గర కొనకపోవడం మంచిది. చిక్కదనం తెలియకపోతే ఒక సీసా నమూనా పంపండి, మంచి తయారీదారులు కొలిచి చెబుతారు.

అహ్మదాబాద్, ముంబై పరిసరాల్లో, కోయంబత్తూరులో గేర్ పంపులు చేసేవారున్నారు. కోయంబత్తూరు ఎక్కువగా నీటి పంపులకు, మోటార్లకు పేరుపడ్డ ఊరు. దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు 1937లో అక్కడ తయారైందని చెప్పుకుంటారు. దాని వెనుక ఉన్న జి.డి.నాయుడు గారు ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవారు. ఆ ఊళ్ళో మన పాఠకులు పంపుల పరిశ్రమలోనే ఉన్నవారు చాలామంది, ఈ వ్యాసంలో తప్పుంటే దిద్దగలరు.

పాత పంపు కొనేవారికి ఒక్క సూచన. గేర్ల పళ్ళు కంటికి బాగున్నా కేసింగ్ లోపలి గోడ వేలితో తడిమి చూడండి. సక్షన్ వైపు గోడ మీద అంచు తగిలేంత గాడి ఉంటే ఆ పంపు ఎక్కువ ఒత్తిడిలో నలిగిందని గుర్తు. గేర్లు మార్చినా ఉపయోగం ఉండదు.

తండ్రీకొడుకులు నాలుగంగుళాల సక్షన్ పైపు వేశారు. ట్యాంకును మూడడుగుల దిమ్మె మీదకు ఎత్తారు. పాత పంపుకే కొత్త గేర్లు, బుష్‌లు వేయించి, బెల్టు పుల్లీలతో వేగం 360కి తగ్గించారు. నాలుగంగుళాల పుల్లీ మోటారుకు, పదహారంగుళాలది పంపుకు. ఇప్పుడు గంటకు 5,000 లీటర్లకు బదులు 1,250 లీటర్ల లోపే వస్తోంది. పది టన్నుల ట్యాంకర్ దిగడానికి దాదాపు ఆరు గంటలు పడుతోంది, డ్రైవర్ గొణుగుతున్నాడు, వెయిటింగ్ చార్జీ అడుగుతున్నాడు. గేర్‌బాక్స్‌తో పెద్ద పంపు కొనాలంటే ఇంకో ఏడాది ఆగాలని తండ్రి అంటున్నాడు. చప్పుడు మాత్రం పోయింది.

పైన చెప్పిన వివరాలు నింపుకోవడానికి తెలుగులో, మరాఠీలో ఒక ఫారం తయారు చేశాను. కావలసినవారు సోమవారం తప్ప మిగతా రోజుల్లో సాయంత్రం 5 నుంచి 7 లోపు సంఘం ఆఫీసుకు రావచ్చు. వచ్చేటప్పుడు పంపు నేమ్‌ప్లేట్, మోటారు నేమ్‌ప్లేట్ ఫోటోలు, సక్షన్ పైపు లావు, పొడవు రాసుకుని రండి.